గంగకు గొలుసులు కట్టించిన రాణీ రాసమణి

కలకత్తా మహానగరపు నడిబొడ్డున ఎస్ప్లనేడు అను ప్రాంతము కలదు. ఒకనాడు గవర్నరు జనరళ్లకును, నేడు పశ్చిమ బెంగాలు గవర్నరునకును నివాసమైన సౌధము అచ్చటికి కూతవేటు దూరము. ఆంగ్లేయుల యేలుబడిలో ఆ సమీపపు మైదానమంతయు వైస్రాయిల విగ్రహములతోడను, సేనాపతుల విగ్రహములతోడను నిండియుండెడిది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట వానిలో పెక్కింటిని పెకలించి వేఱొకచోటికి చేర్చిరి. ఆ ప్రాంతముననే నేడొక స్త్రీ విగ్రహము నిలిచియున్నది. ప్రక్కనున్న రాజవీథికిని ఆమె పేరే పెట్టియున్నారు. ఆమె రాజ్యమేలినది కాదు; సేనలను నడపినది కాదు; గ్రంథములు వ్రాసినదియు కాదు. ఆమె జమీందారిణి. అందును విధవ. అందును, అగ్రవర్ణములవారు చిన్నచూపు చూచిన కైవర్త కులమునందు పుట్టినది. రాణీ రాసమణి యని బెంగాలు దేశమంతయు ఆమెను నేటికిని తలచుకొనుచున్నది.

జమీందారుల పేర వెలసిన విగ్రహములకును, చలువరాతి ఫలకములకును మన దేశమున కొఱత లేదు. వానిలో ననేకములు తమ ధనముతో తామో, తమ వారసులో నిలుపుకొన్నవి. దారిన పోవువారు వాని క్రింది పేరు చదువరు. చదివినను, ఈ మహానుభావుడు ఏమి చేసెనని యడిగిన చెప్పగలవా రుండరు. రాసమణి విషయమట్టిది కాదు. ఏల కాదో తెలిసికొనుటకు ఆమె జీవితమును ఒకమాఱు పరికింతము. భూమి గలవారికిని, భూమి పోయినవారికిని అందు నేర్వదగిన దొకటి కలదని మా విశ్వాసము.

రాసమణి 1793వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన, కలకత్తాకు ఉత్తరమున హాలిసహరు చెంతనున్న కోనా గ్రామమున జన్మించెను. ఆ యేడే కారన్‌వాలిసు ప్రభువు బెంగాలున శాశ్వత శిస్తు నిర్ణయమును నెలకొల్పెను. కుంఫిణీవారికి ఏటేట కట్టవలసిన పేష్కషు మొత్తము అప్పటితో స్థిరపడెను. గడువునకు కట్టిన జమీందారు ప్రభువయ్యెను. కట్టనివాని యెస్టేటు వేలమున కెక్కెను. రైతునకు మాత్రము అట్టి స్థిరత్వ మేదియు దక్కలేదు. కొలదియేండ్లకే, 1802వ సంవత్సరపు రెగ్యులేషనుతో ఆ పద్ధతియే మన ఉత్తర సర్కారులకును వచ్చినది. కావున రాసమణి మెలగిన లోకము తెలుగువారికి పరాయిది కాదు. పేష్కషు, ఠాణా, వేలము, వ్యాజ్యము అను మాటలు మన తాతముత్తాతల నోళ్ల నానినవే.

ఆమె తండ్రి హరేకృష్ణదాసు బీదవాడు. తల్లి రామప్రియ. బిడ్డను ముద్దుగా రాణీయని పిలిచినది ఆ తల్లియే. రాణీయన్నది ఏ సర్కారువారును ఇచ్చిన బిరుదము కాదు; పూరియింట పుట్టిన పిల్లకు తల్లి పెట్టుకొన్న ముద్దుపేరు. ఆ తల్లి బిడ్డ చిన్నతనముననే కన్ను మూసెను. ముద్దుపేరు మిగిలెను. తరువాతి కాలమున ప్రజలు దానినే బిరుదము చేసిరి.

పదునొకండవ యేట రాసమణికి కలకత్తాలోని జానుబజారు వాస్తవ్యుడైన రాజచంద్రదాసుతో వివాహమయ్యెను. రాజచంద్రుని తండ్రి ప్రీతరాముడు వెదురు మొదలగు సరకుల వర్తకముతో పైకి వచ్చి, ఎస్టేటులు కొని, భాగ్యవంతుడైనవాడు. రాజచంద్రుడు ఆ సంపదను ఇబ్బడి ముబ్బడి చేసెను. గంగయొడ్డున 1830లో ఆయన పేర వెలసిన స్నానఘట్టమే నేటి బాబూఘాటు. జానుబజారు నుండి ఆ రేవునకు పోవు బాటయు ఆయన వేయించినదే. ఈ బాటను పాఠకులు గుర్తుంచుకొందురు గాక; దీనితో మనకు మఱల పని కలదు.

1836లో రాజచంద్రుడు మరణించెను. రాసమణికి అప్పటికి నలువదిమూడేండ్లు. నలుగురు కుమార్తెలు, కొడుకులు లేరు. అట్టి సంసారము ఎట్టి స్థితి కెదురుచూచునో మన ప్రాంతపు పెద్దకుటుంబముల చరిత్ర తెలిసినవారికి వివరింప నక్కఱలేదు. దివానులు, జ్ఞాతులు, అప్పులవారు, వకీళ్లు నలుదిక్కుల నుండియు చుట్టుముట్టుదురు. ద్వారకానాథ ఠాకూరుగా రంతటి ప్రముఖుడు ఎస్టేటు వ్యవహారములు తాను చూతునని ముందునకు వచ్చెననియు, ఆయన రాజచంద్రుని యొద్ద తీసికొన్న రెండులక్షల రూపాయల బాకీని రాసమణి మర్యాదగా గుర్తుచేసెననియు, రొక్కము చేత లేకపోగా ఆయన యొక పరగణాను ఆమెకు వ్రాసియిచ్చెననియు ఆమె చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఆ పిమ్మట వ్యవహారమును ఆమె ఎవ్వరికిని అప్పగింపలేదు. మూడవ యల్లుడు మథురామోహన విశ్వాసు ఆంగ్లము నేర్చిన చతురుడు. అతనిని కుడిభుజముగా నుంచుకొని, కాగితములన్నియు తానే విని, తానే నిర్ణయించుచు ఇరువదియైదేండ్లు ఎస్టేటును నడపెను.

ఆమెకు కీర్తి తెచ్చిన వృత్తాంతము గంగానదిపై జరిగినది. కలకత్తా సమీపమున గంగలో వలలు వేసి చేపలు పట్టుకొని బ్రతుకు జాలరులపై కుంఫిణీవారు పన్ను విధించిరి. పడవల రాకపోకలకు వలలు అడ్డమని వారు చూపిన కారణము. ఏ నీటిలో తమ తాతలనాటి నుండి వలలు వేయుచుండిరో ఆ నీటికే వెల కట్టవలసివచ్చిన జాలరులు పెద్దపెద్ద జమీందారుల గడపలు తొక్కిరి. సర్కారుతో వైరము ఎవరికి కావలెను? తుదకు వారు జానుబజారునకు వచ్చిరి.

రాసమణి మహజరు వ్రాయింపలేదు. లాటుగారి దర్శనము కొఱకు నిరీక్షింపలేదు. ఘూసుడీ మొదలు మేటియాబురుజు వఱకు గల గంగాభాగమును పదివేల రూపాయలు చెల్లించి కుంఫిణీవారి నుండి ఇజారాకు తీసికొనెను. సర్కారు సంతోషముతో సొమ్ము పుచ్చుకొని పట్టా యిచ్చెను. మఱునాటికి ఆమె యాజ్ఞచే నదికి ఈ యొడ్డు నుండి ఆ యొడ్డునకు ఇనుప గొలుసులు కట్టబడెను. జాలరులు లోపల వలలు వేసిరి. పై నుండి వచ్చిన ఓడలు పైననే, క్రింది నుండి వచ్చిన ఓడలు క్రిందనే నిలిచిపోయెను. సామ్రాజ్యమునకు రాజధానియైన నగరపు వర్తకము నీటిపై స్తంభించెను.

అధికారులు సంజాయిషీ యడిగిరి. ఆమె సమాధానము పట్టాలోనే యుండెను. ఇజారా హక్కు తనది. ఓడల రాకపోకలచే చేపలు బెదరి తన కౌలుదారులకు నష్టము కలుగుచున్నది. తన హక్కును కాపాడుకొనుట తనకు ధర్మము. చట్టమును వారే చేసిరి. పట్టాపై ముద్ర వారే వేసిరి. సొమ్ము వారే పుచ్చుకొనిరి. తప్పించుకొను త్రోవ కనబడలేదు. తుదకు ఆమె సొమ్ము ఆమెకు తిరిగి యిచ్చి, జాలరుల పన్నును రద్దుచేసిరి. గొలుసులు విప్పబడెను. ఒక్క తుపాకి పేలలేదు. ఒక్కని తల పగులలేదు.

రెండవ వృత్తాంతము బాబూఘాటు బాటకు సంబంధించినది. దుర్గాపూజ దినములలో వేకువజామున రాసమణి యింటి నుండి పురోహితులు మేళతాళములతో గంగకు పోవుచుండిరి. ఆ దారిలో కాపురమున్న యొక తెల్లదొరకు నిద్రాభంగమైనది. ఆయన ఫిర్యాదు చేసెను. మఱునాడు రాసమణి మేళగాండ్రను మునుపటికంటె హెచ్చుగా పంపెను. న్యాయస్థానము ఆమెకు ఏబది రూపాయలు జుర్మానా విధించెను. ఆమె జుర్మానా కట్టెను. కట్టి, జానుబజారు నుండి బాబూఘాటు వఱకు గల బాటకు ఇరుప్రక్కల కంచె వేయించి రాకపోకలు ఆపించెను. బాట తన భర్త సొమ్ముతో వేయించినది, తనది. నగరమున బండ్లు కదలని స్థితి యేర్పడగా సర్కారు దిగివచ్చి జుర్మానా సొమ్ము వాపసు చేసెను.

ఈ రెండు కథలు జనులు నవ్వుకొనుచు చెప్పుకొనునవి. ఇందలి మర్మము మాత్రము నవ్వులాట కాదు. సొత్తుపై హక్కు అనునది అన్ని హక్కులలో పవిత్రమైనదని చాటుచు వచ్చిన ప్రభుత్వమది. ఆ హక్కును జమీందారులందఱును క్రిందివారిపై ప్రయోగించిరి: రైతుపై, కౌలుదారుపై, పాలికాపుపై. రాసమణి దానిని పైవారిపైకి త్రిప్పెను. పత్రము ఒక్కటే, ముద్ర యొక్కటే. త్రిప్పిన దిక్కు వేఱు. ఆమెకు ఆంగ్లము రాదు, న్యాయశాస్త్రము చదువలేదు. అయినను తన చేతి కాగితమునకు గల బలము ఎంతటిదో కాగితము వ్రాసినవారికంటె ఆమెయే బాగుగ నెఱింగెను.

మకిమ్‌పురము పరగణాలో నీలిమందు దొర యొకడు రైతులను హింసింపసాగినపుడు ఆమె తన మనుష్యులను పంపి వానిని ఆపించెను. మధుమతీ నవగంగానదులను కలుపుచు ప్రజల సౌకర్యార్థము కాలువ త్రవ్వించెను. పూరీ యాత్రికులు పడరాని పాట్లు పడుచుండగా సువర్ణరేఖానది కావలనుండి జగన్నాథమునకు పోవు బాటను బాగుచేయించెను. ఇవన్నియు చేసినది ధర్మాత్మురా లగుటవలన నని చెప్పి యూరకుండుట సులభము. మా యభిప్రాయములో అది చాలదు. వసూలైన శిస్తు ఎచ్చటి నుండి వచ్చెనో అచ్చటికి కొంతయైన తిరిగి చేరవలెనను ఎఱుక ఆమెకు కలదు. కాలువయు బాటయు ఆ యెఱుకకు గుర్తులు.

ఇంతమాత్రమున జమీందారీ పద్ధతికి ఆమెను సాక్షిగా నిలుపుట మా యుద్దేశము కాదు. ఆమె కుంఫిణీకి పేష్కషు గడువు తప్పక చెల్లించినది. ఆ పేష్కషు రైతు చెమట. రైతులను కాచిన ఆమె మనుష్యుల చేతికఱ్ఱలే వేఱొక జమీందారు చేత రైతుల వీపులు పగులగొట్టుచుండెను. మంచిచెడ్డలు యజమాని మనసుపై ఆధారపడు పద్ధతి మంచి పద్ధతి కానేరదు. మదరాసు రాజధానిలో 1948లోను, తూర్పు బెంగాలున 1950లోను, పశ్చిమ బెంగాలున 1953లోను శాసనములు చేసి ఎస్టేటులను రద్దుచేసిరి. అది న్యాయమే. అయినను, పద్ధతి పోయిన పిమ్మట ఆ పద్ధతిలో బ్రతికినవారిలో ఎవరి పేరు నిలిచెనో గమనించుట చరిత్రకారుని విధి.

ఆమె పేరు దేశమంతట వినబడుటకు కారణమైన దక్షిణేశ్వర దేవాలయము కడ ఆమె కథ వేఱొక మలుపు తిరిగినది. 1847లో ఆమె కాశీయాత్రకు సిద్ధమై, సంభారములు నింపిన పడవలు సాగనంపవలసిన వేళ, స్వప్నమున జగన్మాత గంగాతీరముననే తనకు ఆలయము కట్టుమని యాజ్ఞాపించెనని ప్రతీతి. యాత్ర మానుకొని, కలకత్తాకు ఉత్తరమున దక్షిణేశ్వరము కడ ఇంచుమించు ఇరువది యెకరముల భూమిని ఆమె కొనెను. తొమ్మిది శిఖరముల కాళికాలయము, పండ్రెండు శివాలయములు, రాధాకృష్ణుల కోవెల అచ్చట లేచెను. పని ముగియుటకు ఎనిమిదేండ్లు పట్టెను. ఇంచుమించు తొమ్మిదిలక్షల రూపాయలు వ్యయమయ్యెను.

ఆలయము సిద్ధమయ్యెను గాని దేవికి అన్నము పెట్టువారు లేకపోయిరి. కైవర్త స్త్రీ కట్టించిన గుడిలో బ్రాహ్మణుడు పూజ చేయరాదనియు, ఆమె సమర్పించిన యన్నము దేవికి నివేదింప తగదనియు పండితులు తీర్పు చెప్పిరి. పాఠకులు ఒక్క క్షణము యోచింపవలెను. నదికి గొలుసు కట్టించి ఓడల నాపిన యామె, తన భూమిలో, తన సొమ్ముతో, తాను కట్టించిన గుడిలో ఒక్క ముద్ద అన్నము దేవికి పెట్టలేకపోయెను. తెల్లదొరల చట్టమునకు పట్టా చాలినది. మన ఆచారమునకు పట్టా చాలలేదు. పరాయి ప్రభుత్వము ఓడిన చోట మన పండితమండలి గెలిచినది. ఇది మనము గర్వింపదగిన గెలుపు కాదు.

కలకత్తాలో చిన్న పాఠశాల నడుపుకొను రామకుమార చట్టోపాధ్యాయుడను పేదపండితు డొక్కడే మార్గము చూపెను. ఆలయమును బ్రాహ్మణునకు దానము చేసినయెడల, అతడు ప్రతిష్ఠ చేసి నివేదించిన యన్నమునకు దోషముండదని యాయన వ్యవస్థ. జీవితమంతయు హక్కును వదలక పోరాడిన స్త్రీ ఇచ్చట హక్కును వదలుకొనెను. గురువు పేర ఆలయమును సమర్పించెను. 1855 మే 31వ తేదీన, స్నానయాత్ర పర్వదినమున, ప్రతిష్ఠ జరిగెను. రామకుమారుడే పూజారి యయ్యెను. ఆయన 1856లో మరణింపగా తమ్ముడు గదాధరుడు ఆ పీఠమున కూర్చుండెను. ఆ గదాధరుడే రామకృష్ణ పరమహంస. ఊరక పోవుదురేమో యని పండితులు భయపడిన గుడికి, ఆయన వలన, తరువాత లోకమంతయు నడచి వచ్చెను.

పరమహంసకును రాసమణికిని నడుమ జరిగిన యొక సంఘటన భూస్వాములందఱు వినదగినది. ఒకనాడు ఆమె స్నానముచేసి వచ్చి గుడిలో కూర్చుండి పూజారిని పాట పాడుమని కోరెను. ఆయన పాడుచుండెను. ఆమె మనసు పాటపై నిలువక, న్యాయస్థానములో నడచుచున్న యొక వ్యాజ్యము వైపునకు పోయెను. పూజారి పాట నాపి, ఇచ్చట గూడ ఆ చింతయేనా యని మందలించుచు ఆమెను చేతితో చఱచెను. నెలజీతమునకు కుదిరిన యువకుడు యజమానురాలిని కొట్టుట! పరిచారకులు పైకురికిరి. రాసమణి వారిని ఆపెను. తప్పు తనదనియు, పూజారిది కాదనియు చెప్పి, అతనిపై ఎట్టి చర్యయు తీసికొనరాదని యాజ్ఞాపించెను. తెల్లదొర విధించిన ఏబది రూపాయలను సహింపని యామె ఈ దెబ్బను సహించెను. ఏది అన్యాయపు దండనయో, ఏది హితమో ఆమె వివేకించి తెలిసికొనగలిగెను. అధికారము గలవారిలో ఈ వివేకము అరుదు.

తుదిదినములలోను ఆస్తి ఆమెను విడువలేదు. ఆలయ నిర్వాహము కొఱకు దీనాజపురము జిల్లాలో 2,26,000 రూపాయలకు భూమి కొనియుంచెను గాని, దానిని దేవునిపేర వ్రాయు పత్రము మాత్రము ముగియలేదు. మంచము పట్టిన పిమ్మట 1861 ఫిబ్రవరి 18వ తేదీన దానిపై వ్రాలు చేసెను. సమ్మతి తెలుపవలసిన కుమార్తెలలో పెద్దది పద్మమణి వ్రాలు చేయ నిరాకరించెను. ఆ చింత హృదయమున నుండగనే, మఱునాడు, కాళీఘాటు కడ ఆదిగంగయొడ్డున రాసమణి కన్ను మూసెను. ఆమె భయపడినట్లే ఆ యాస్తిపై వారసులు వ్యాజ్యములకు దిగిరి. నదిని గెలిచినది, నగరమును గెలిచినది, తన యింటి పంపకమును గెలువలేకపోయినది. మన ప్రాంతమున ఎన్ని యిండ్ల కథ ఇది కాదు?

నేడు పరగణాలు లేవు. పేష్కషు లేదు. కుంఫిణీయు లేదు. గుడి యున్నది, అచ్చట కులమడిగి ప్రసాదము పెట్టువారు లేరు. 1994లో భారత తపాలాశాఖ ఆమె స్మారకముగ తపాలాబిళ్ల వెలువరించెను. విగ్రహము చెంత ఆమె పేరిటి వీథిలోనే కలకత్తా ప్రజలు తమ కోరికలు చాటుటకు సభలు కూడుచుందురు. గోడు చెప్పుకొనువారికి జానుబజారు గడప యిచ్చిన తావు నేటికిని ఆమె పేరనే దొరకుచున్నది.

తెలుగువారికి సంతోషము కలిగించు సంగతి మఱొకటి కలదు. తీరరక్షకదళము వారికై విశాఖపట్టణమున హిందుస్థాన్ షిప్‌యార్డులో నిర్మింపబడిన గస్తీ నౌకలలో ఒకదానికి రాణీ రాసమణి యని పేరు పెట్టి, 2018లో విశాఖముననే జలసేవలో ప్రవేశపెట్టిరి. జాలరుల కొఱకు ఓడల నాపిన స్త్రీ పేరు, సముద్రమున ఆపదలో నున్న జాలరులను కాపాడవలసిన ఓడకు! ఆ పేరు పెట్టినవారిని అభినందింపవలెను. ఆ ఓడను మన తెలుగు కార్మికులు తీర్చిదిద్దుట మనకు గౌరవము.

మన గోదావరిసీమలో గన్నవరము కడ వైనతేయముపై కాలువనీటిని దాటించు జలసేతువునకు అన్నదాత్రి డొక్కా సీతమ్మగారి పేరు కలదు. ఎచ్చట చూచినను ఇదియే తీరు. ఎన్ని యెకరములు కలవారన్న లెక్క దస్తావేజులలో నుండును. దస్తావేజులు చెదలు తినును. ఆ యెకరముల బలమును ఎవరికి అడ్డముగ నిలిపిరి, ఎవరి పక్షమున నిలిపిరి యన్నది జనులు జ్ఞప్తియందుంచుకొందురు. భూమి చట్టమువలన పోవచ్చును, పంపకమువలన పోవచ్చును, అమ్మకమువలన పోవచ్చును. భూమి చేత నున్ననాడు గడపకు వచ్చిన జాలరికి ఏమి సమాధానము చెప్పితిమన్నది మాత్రము పోదు. కొంతయో గొప్పయో భూమియు, పలుకుబడియు గల మా పాఠకులు రాసమణి విగ్రహమునకు చేయదగిన నమస్కారము పూలదండ కాదు. తమ చేతనున్న పత్రములను మఱొకమాఱు తీసి, వాని బలము నేడు ఏ దిక్కునకు తిరిగియున్నదో చూచుకొనుట.